వాక్యమమ్మ చాచిన చెయ్యి

ఆమె పోయిందని చెప్పడానికి పాళెం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, జ్ఞాపకార్థ కూడిక కార్డు ఒకటి ఇచ్చి వెళ్ళారు. నల్ల అంచు కార్డు. ఆమె పేరు కింద ‘ప్రేమమూర్తి, మృదుభాషిణి’ అని అచ్చు వేయించారు.

మృదుభాషిణి అట! ఆ నోటి ముందు నిలబడి చెమటలు పట్టినవాణ్ణి నేను. ఆ బిరుదు ఇంకెవరికైనా తగిలించండి, ఊరుకుంటాను. ఆమెకు మాత్రం ఒప్పుకోను. ఇక ప్రేమమూర్తి. అది అబద్ధమని అనను. అయితే బతికుండగా ఎవరైనా ఆ మాట తన ఎదురుగా అని ఉంటే, “ఎవురు చూసినారు? నేనేం చేస్తే చూసినారు?” అని అడక్కుండా వదిలిపెట్టేది కాదు. ఆ ప్రశ్నకు జవాబుగా నా దగ్గర ఒక సంగతి ఉంది. అందులో నాకు దక్కే మర్యాదేమీ లేదు. అంగడివాణ్ణి గనక, నష్టమని తెలిసీ ఒక సరుకు బయటపెట్టడం నాకు కొత్త.

మా ఊరు కోట అనే పెద్దూరికి తూర్పున, సముద్రానికి మూడు మైళ్ళ ఇవతల. నడిమి వీధిలో మా చిల్లర అంగడి. అంటరానివాళ్ళని ఊరు దూరంగా పెట్టిన పాళెం కాలవకు అవతల ఉండేది. పాళెంలో సగం మంది క్రైస్తవులు. వాళ్ళకొక చిన్న చర్చి. యాభైల చివర్లో ఆ చర్చికి ఆమెను పంపారు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు బైబిలు వాక్యం చెప్పడానికి మిషన్ వాళ్ళు అప్పట్లో ఆడమనుషుల్ని జీతానికి పెట్టుకునేవాళ్ళు. అందుకని ఊరంతా ఆమెను వాక్యమమ్మ అన్నది. నేనూ ఇక్కడ ఆ పేరే వాడతాను.

పొట్టి మనిషి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. తెల్లచీర కాస్త ఎగగట్టి, చేతిలో మగవాళ్ళ నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి, రొంటిన ముక్కుపొడి డబ్బా. ప్రార్థనకు ముందొక పట్టు, తర్వాతొక పట్టు పీల్చేది. “ఇది తప్పే,” అనేది, ఎవరూ అడక్కముందే. “తప్పు గాదని చెప్పి పీలిస్తే రెండు తప్పులవుతాయి.”

ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. కింది పెదవి లోపలికి లాక్కుని, ఎదుటివాడి నుదుటి మీద చూపు నిలిపి ఆగేది. తక్కెడ ముల్లు నిలిచేటప్పుడు మా నాయన కూడా అట్లాగే చూసేవాడు. తేడా ఏమిటంటే, ముల్లు నిలవకముందే నాయన సరుకు దించేసేవాడు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. నాయన మోకాళ్ళ నొప్పులతో వెనక గోనెసంచుల మీద చేరగిలబడితే, గల్లాపెట్టె ముందు నేను కూర్చున్నాను. బేరంలో నన్ను కొట్టేవాడు కోట దాకా లేడని నా నమ్మకం. నా బలమంతా నాలుకలో ఉంది. మిగతా అంగళ్ళవాళ్ళు పాళెం ఆడవాళ్ళను ‘ఏమే’ అనేవాళ్ళు. నేను ‘అక్కా’ అనేవాణ్ణి. అక్కా అంటే ఖర్చేమీ లేదు, గిరాకీ మాత్రం నిలబడుతుంది.

మొదటిసారి ఆమె వీధిలో నిలబడి బెల్లం అడిగింది. నేను మామూలు పాట ఎత్తుకున్నాను.

“అక్కా, నువ్వంటే నాకు ప్రేమ గదా. నీకు చెప్పే ధర ఈ ఊళ్ళో ఇంకెవురికీ చెప్పను.”

ఆమె నా నుదుటి వైపు చూసింది. “నన్ను చూసి ఎంతసేపయింది అబ్బయా?”

“ఇప్పుడే గదక్కా.”

“ఇంతలోనే వొచ్చేసిందా ప్రేమ? ఇంత బిరీన వొచ్చింది, బెల్లం పొట్లం కట్టేలోపల పోతాదేమో. దాన్ని అట్టా పెట్టి, ధర చెప్పు.”

వీధిలో చేపల బుట్టలు దించుకున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. వెనక గోనెసంచుల మీది నుంచి నాయన కూడా నవ్వాడు. అదే ఎక్కువ బాధ. సిగ్గుతో ఉన్న ధర చెప్పేశాను. బేరంలో నన్ను మొదట ఓడించిన మనిషి అసలు బేరమే ఆడలేదు.

పాళెం మనుషులు మమ్మల్ని ‘సామీ’ అనాలి. ఆమె ‘అబ్బయా’ అనేది. తనకంటే చిన్నవాణ్ణి గనక అట్లా అన్నది, అంతే. ఆ ‘అబ్బయా’ నాయనకు గొంతులో ముల్లు.

పోస్టుపెట్టె మా అంగడి గోడకే ఉండేది. పాళెం మగవాళ్ళు కొందరు మద్రాసు హార్బరులో మూటలు మోసేవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు ఆ గోడ నీడన కూర్చుని వాక్యమమ్మ చేత జాబులు రాయించుకునేవాళ్ళు. వినడం మర్యాద కాదు గానీ, విన్నాను.

“రాత్రింబగళ్ళు నీకోసం ఏడస్తా ఉండానని రాయమ్మా,” అన్నది ఒకామె.

“రాత్రి నా పక్కనే గదా పొణుకున్నావు. గురక పెట్టినావు.”

“అయితే ఏం రాస్తావు?”

“పొద్దన బిందె ముంచేటప్పుడు ఏడిస్తివి. అది చూసినా. అది రాస్తా.”

“అదొక్కటేనా!”

“అది నిజం గదమ్మే. నిజం ఒక్కటి పోతే చాలు, వొస్తాడు.” పెన్ను ఆపి, కింది పెదవి లోపలికి లాక్కుని సవరించుకుంది. “వొస్తాడని నేను చెప్పకూడదు. వొస్తే వొస్తాడు.”

ఇంకోసారి, తాగి పెళ్ళాన్ని కొట్టినవాడొకడు ఆ గోడ దగ్గరే ఆమె కాళ్ళ మీద పడ్డాడు. “నా మనసులో ప్రేమ పుట్టాలని ప్రార్థన చెయ్యమ్మా.”

“చెయ్యను. ఇంటికి పో. దాని వీపుకు కాపడం పెట్టను నీళ్ళు కాచు. పెట్టినాక రా, అప్పుడు చేస్తా.”

వాడు నీళ్ళు కాచాడో లేదో తెలుసుకోవడానికి వాడి వెంట వాడి గుడిసె దాకా నడిచింది. ఆ రోజు ఆమె కొనవలసిన చింతపండు కూడా మర్చిపోయింది. నాకు నష్టం.

ఒకసారి నేనే అడిగాను. “అక్కా, నీ మాటంటే పాళెంలో అందరికీ గురి. మా అంగడి మంచిదని నలుగురికీ ఒక మాట చెప్పరాదా?”

“చూసింది చెప్తా. నీ తూకం చూసినా. చెప్పమంటావా?”

“వొద్దులే అక్కా.”

ఆ మాటకు ఆమె నవ్వింది. నేను చూసిన నవ్వు అదొక్కటే. ఆ నవ్వుతో ధైర్యం వచ్చి, మాట దగ్గర ఇంత పీనాసితనం ఎందుకని అడిగాను. ఆమె ముక్కుపొడి డబ్బా తీసింది, పీల్చకుండానే మూసేసింది.

“ఇక్కడికి రాకముందు వాకాడు దిక్కున ఒక రేవులో ఉన్నా. గాలివాన రోజు ఒక చేపలామె నా చెయ్యి పట్టుకొని, ‘మా ఆయన వొస్తాడామ్మా’ అనింది. ‘వొస్తాడు, ప్రభువు తెస్తాడు’ అన్నా. ప్రభువు నాతో అట్టా చెప్పలా. ఆమె ఏడుపు చూడలేక అన్నా. నా మాట పట్టుకొని తొమ్మిది దినాలు ఒడ్డున కూర్చునింది. అన్నం ముట్టలా. వాడు రాలా.” డబ్బా మళ్ళీ రొంటిన దోపుకుంది. “ఆ మాట ఆమెకోసం ఆడలేదు అబ్బయా. నాకోసం ఆడినా. దాన్నే ప్రేమ అనుకున్నా.”

ఎవరి బిడ్డకు జ్వరమొచ్చి పిలిచినా ఆమె ‘తగ్గిపోతుంది’ అని ఎందుకు అనదో ఆ రోజు తెలిసింది. ‘నేను కూర్చుంటా’ అనేది. జ్వరం దిగేదాకానో, బిడ్డ పోయేదాకానో, కూర్చునేది.

ఆమె దగ్గర ప్రేమ మాట ఎత్తడం నేను మానేశాను. ‘అక్కా’ మాత్రం వదల్లేదు.

ఇక్కడ మా అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. అరుగు అంచున వీధిలోకి చాచి ఒక జానెడు చెక్క బిగించి ఉండేది. పాళెం వాళ్ళు అరుగు ఎక్కకూడదు. సరుకు పొట్లం కట్టి ఆ చెక్క మీద పెడతాం, వాళ్ళు తీసుకుంటారు. డబ్బు వాళ్ళు దాని మీదే పెడతారు, మేము తీసుకుంటాం. చెయ్యికి చెయ్యి తగలదు. అంటరానితనం నేరమని చట్టం వచ్చిన సంగతి పేపర్లో చదివి వీధిలో అందరికీ వినిపించినవాణ్ణి నేనే. ఆ పేపరు చించి పొట్లాలు కట్టి ఆ చెక్క మీదే పెట్టినవాణ్ణీ నేనే.

నేను ‘అక్కా’ అన్నప్పుడల్లా వాక్యమమ్మ ఒకసారి చెక్కను చూసేది, ఒకసారి నన్ను చూసేది. ఆరేడేళ్ళు అట్లాగే చూసింది. అర్థం కానట్టు ఉండడం మా వృత్తిలో మొదటి పాఠం. నేను ఆ పాఠం బాగా చదువుకున్నాను.

అరవైల నడుమ ఒక క్రిస్మస్‌కు పాళెంలో పెద్ద పందిరి వేశారు. తాలూకా ఊరి నుంచి పాస్టరు వచ్చాడు. ఆయన్ని అందరూ అయ్యగారు అనేవాళ్ళు. మంచివాడే, కానీ ఊరి పెద్దలంటే భయం. చర్చికి పోయే దారి వాళ్ళ పొలాల గట్టు మీదే మరి. ఆయన ఊరివాళ్ళనూ పిలిచాడు. మా ఇంటి తరఫున బొరుగులూ బెల్లమూ పంపి, నేను ముందు వరసలో కుర్చీ మీద కూర్చున్నాను. రెండు మాటలు చెప్పమన్నారు. నాకు చెప్పాలా?

“పాళెం వాళ్ళు మాకు పరాయివాళ్ళు కారు. మా అన్నదమ్ములు, మా అక్కచెల్లెళ్ళు. ప్రేమకు ఊరని, పాళెమని తేడా లేదు,” అన్నాను. చప్పట్లు మోగాయి. నా మాటలకు నాకే కళ్ళు చెమర్చాయి.

వందన సమర్పణ వాక్యమమ్మ వంతు. లేచి నిలబడింది. కింది పెదవి లోపలికి లాక్కుంది. ఎంతసేపు ఆగిందంటే, పందిట్లో గుసగుసలు వాటంతటవే సర్దుమణిగాయి.

“శెట్టిగారి అబ్బాయి బొరుగులు ఇచ్చినాడు. బిడ్డలు తిన్నారు. దానికి వందనాలు. అక్కచెల్లెళ్ళని గూడా అన్నాడు. దానికి ఇప్పుడే వందనాలు చెప్పను. రేపు పొద్దన అంగడికి వొస్తా. సరుకు నా చేతిలో పెట్టినాక చెప్తా. పెట్టకపోతే ఆ మాట ఆయనే వెనక్కి తీసుకోవాల.”

కూర్చుంది. అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నాడు. ఎవరూ అందుకోలేదు.

పొద్దున్నే వచ్చింది. అరుగు కింద నిలబడి చెయ్యి చాచింది.

“ఉప్పు ఇయ్యి అబ్బయా.”

వెనక నాయన దగ్గాడు. వీధిలో పోయేవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు ఆగారు. నాకు చటుక్కున ఒక దారి తోచింది. ఉప్పు చేతికి ఇస్తే ఇద్దరికీ తగాదా వస్తుందని మా ఇళ్ళల్లో పట్టింపు. అమ్మ కూడా సొంత కూతురి చేతికి ఉప్పు ఇవ్వదు, కింద పెడుతుంది.

“ఉప్పు చేతికి ఇయ్యకూడదు గదక్కా. మన మధ్య తగాదా వొస్తుంది,” అని పొట్లం చెక్క మీద పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

“ఓహో. అయితే బెల్లం ఇయ్యి. బెల్లానికి ఏ తగాదా లేదు గదా.”

చెయ్యి అట్లాగే ఉంది. బెల్లం కట్టాను. నా చెయ్యి ముందుకు పోయింది. ఆమె అరచేతి దాకా పోలేదు, చెక్క దగ్గరే ఆగింది.

రెండు పొట్లాలూ ఆమె ముట్టలేదు. “తగాదా ఎట్టాగూ వొచ్చేసింది అబ్బయా. ఇంక రేపటి నించి ఉప్పే అడుగుతా,” అని తిరిగి వెళ్ళిపోయింది.

రోజూ వచ్చింది. రోజూ ఉప్పు అడిగింది, చెయ్యి చాచింది, నేను చెక్క మీద పెట్టాను, ముట్టకుండా పోయింది. వెళ్ళిపోతున్న గిరాకీని మూడో అడుగులో వెనక్కి పిలవాలని నాయన నాకు నేర్పాడు. ఆమె అడుగులు రోజూ చూశాను. మూడో అడుగు దాటి, కాలవ దాటి, పాళెంలోకి పోయేది. పిలవలేదు. ఉప్పు లేని గంజి తాగుతోందని పాళెం ఆడవాళ్ళు మా వీధిలోనే గట్టిగా చెప్పుకున్నారు. ఒకామె గుప్పెడు ఉప్పు తెచ్చిస్తే, “ఆ అంగడి బిడ్డ దగ్గరే తీసుకోవాల,” అని పంపేసిందట.

నాయన నన్ను దులిపేశాడు. “ఏమే అంటే పొయ్యేదానికి అక్కా అంటివి. ఇప్పుడు చూడు, నెత్తికెక్కి కూర్చునింది. నీ నోటి తీపే మన పరువు తీసింది.” ఊరి పెద్దల్ని కలుపుకుని అయ్యగారికి కబురు పెట్టాడు. ఆదివారం చర్చిలో అందరి ముందూ ఆమె తప్పు ఒప్పుకోవాలి. లేదంటే ఆమెను పనిలోంచి తీసెయ్యాలి. రెండూ కాకపోతే గట్టు మీద దారి మూసేస్తామన్నారు. ఆ పని పోతే దానితోపాటు మిషన్ ఇచ్చిన గదీ పోతుంది. ఆ పనీ, ఆ గదీ తప్ప ఈ లోకంలో ఆమెకు ఇంకేమీ లేవు.

క్షమాపణ చెవులారా విని రమ్మని నాయన నన్నే పంపాడు. అందరూ చాపల మీద కూర్చుంటే, వాకిలి దగ్గర నాకొక కుర్చీ వేశారు.

అయ్యగారు చాలా మెత్తగా అడిగాడు. “రెండు మాటలే గదమ్మా. ‘తప్పయింది, మీరంటే నాకు ప్రేమే’ అను. అంతటితో అయిపోతుంది.”

ఆమె లేచి నా కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది. ఆ రోజు పెదవి లోపలికి లాక్కోలేదు, ఆగనూ లేదు. ఆ మాటలు అప్పటికే చూసుకుని ఉంచుకుంది.

“తప్పయిందని అననయ్యగారూ. అది అబద్ధం. ఈడ నిలబడి అబద్ధం చెప్పను.”

“పోనీ, రెండో మాటైనా అనమ్మా.”

“అది అంటా. అది నిజం.” నా వైపు తిరిగింది. “నువ్వంటే నాకు ప్రేమ ఉండాది అబ్బయా. అందుకే అడిగినా. లేకుంటే నాకేం పోయింది? చెక్క మీది ఉప్పు తీసుకొని పొయ్యుందును. ఆరేడేండ్లు అట్టనే పోతి గదా! వీడింతే, వీడికి ఇంతకంటే చేతగాదు అనుకొని పోతి. అప్పుడు నా దగ్గర నీ మీద ప్రేమ లేదు. అది నా తప్పు. ఆ తప్పు ఒప్పుకుంటా, అందరి ముందరా.”

చాపల మీద నుంచి ఒక ముసలాయన “ఆమేన్” అని, అన్నందుకు భయపడి దగ్గాడు.

“పని పోతుందమ్మా,” అన్నాడు అయ్యగారు.

“పని మీరిచ్చినారు, తీసుకోండి. వాక్యం మీరియ్యలా.”

గది తాళంచెవి బల్ల మీద పెట్టింది. గుడ్డసంచి కూడా పెట్టింది. గొడుగు పెట్టబోయి, “ఇది నాది,” అని వెనక్కి తీసుకుంది. బయటికి నడిచింది.

నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరి తిట్లూ నాకు గుర్తే. తిట్టు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలుస్తుంది. దులుపుకుని లేస్తాం. ఆ రోజు నా మీద పడినదాన్ని దులుపుకోవడానికి నాకు ఏ దారీ తోచలేదు.

ఆ పని ఆమెకు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. పాళెంలో ఒకరి వసారాలో చాప వేసుకుంది. చివరిదాకా పొద్దంతా కూలికి పోయి, సాయంత్రాలు జీతం లేని వాక్యం చెప్పింది. ఆ సోమవారమే నాట్లకు దిగింది.

మధ్యాహ్నం ఎండలో, మోకాళ్ళ దాకా బురదతో, ఆడకూలీల గుంపుతో కలిసి మా అంగడి ముందుకు వచ్చింది. చెయ్యి చాచింది.

“ఉప్పు ఇయ్యి అబ్బయా.”

“చెక్క మీద పెట్టు,” అన్నాడు నాయన వెనక నుంచి.

పొట్లం కట్టాను. లేచి, అరుగు అంచు దాకా వెళ్ళి, వంగి, ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె చేతి తడి బురద నా వేళ్ళకు అంటింది. నాయన గోనెసంచుల మీది నుంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు.

పెద్ద బేరమొకటి ముగించినవాడిలా ఊపిరి వదిలాను. ఇప్పుడు వందనాలు చెబుతుందని చూశాను. ఆమె పక్కకు జరిగింది, అంతే. వెనకున్న ఆడమనిషి బెదురుతూ ముందుకొచ్చింది. చేతి అలవాటు చెడ్డది. ఆమె పొట్లం చెక్క మీద పెట్టేశాను.

“ఏందది?” అన్నది వాక్యమమ్మ.

“నీ చేతికి ఇచ్చినా గదక్కా!”

“నా ఒక్కదానికే ఇస్తే ప్రేమ అనరు దాన్ని. నా నోటికి జడిసి ఇచ్చినావంటారు.” పక్కనున్నామె మణికట్టు పట్టుకుని ఆ చెయ్యి నా ముందుకు చాపించింది. “పందిట్లో ఈమెను గూడా అక్కే అంటివి. తియ్యి.”

చెక్క మీది పొట్లం తీసి ఆ చేతిలో పెట్టాను. ఆ వెనక ఇంకో చెయ్యి వచ్చింది. ఆ వెనక ఇంకోటి. నాట్ల నీళ్ళకు నాని ముడతలు పడ్డ వేళ్ళు, పొట్లం తగలగానే ఉలిక్కిపడి వెనక్కి పోబోయే వేళ్ళు. అందరి చేతులూ అయ్యేదాకా ఆమె గొడుగు చంకన పెట్టుకుని, నా నుదుటి వైపు చూస్తూ అక్కడే నిలబడింది.

అందరూ కదిలారు. నాకు ఉండబట్టలేదు.

“ఇంకా వందనాలు చెప్పవా అక్కా?”

ఆమె ఆగింది. కింది పెదవి లోపలికి లాక్కుంది.

“రేపు గూడా వొస్తాం గదా,” అన్నది.